రెక్కలో నాలుగో గది

బ్యాటరీలు నాలుగూ ముందురోజే చార్జింగుకు పెట్టాలి. కెమెరా అద్దం మెత్తటి గుడ్డతో తుడవాలి, స్పిరిటు తగలనివ్వకూడదు. రెండో గదిలో ఎర్రగుడ్డ పీలిక పెట్టించాలి. నాలుగో గదిలో గడ్డకట్టిన పాత సీలు గీకించాలి, ఉస్తా బయ్యూమీకి మళ్ళీ గుర్తుచేయాలి. నైట్రోజన్ సిలిండర్ల సంగతి సఫ్వత్‌తో మాట్లాడాలి. పెద్ద తెరకు వైరు లాగించాలి. అతిథులకు కుర్చీలు. నాన్న దగ్గర్నుంచి ఇస్త్రీ చొక్కా. విమానం చుట్టూ నేల మీద చిన్న స్క్రూ కూడా కనబడకూడదు.

ఈ తొమ్మిది పనులూ హాతెం ఒక కాగితం మీద రాసుకుని, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కైరోలో రన్‌వేకి ఆనుకుని విమానాలు బాగుచేసే హ్యాంగరు ఒకటుంది. కంపెనీ పేరెందుకులెండి. అందులో అతను రోబోలకు ప్రోగ్రాములు రాసే ఇంజనీరుగా, అక్కడివాళ్ళ మాటలో బాష్‌ముహందిస్‌గా, చేరి ఎనిమిది నెలలైంది. తండ్రి ఐన్‌షమ్స్‌లో బట్టలు ఇస్త్రీ చేస్తాడు. ఆ ఇంటి మేడ మీద పావురాల గూళ్ళ పక్కన పడుకుని, దిగే విమానాల చప్పుడును బట్టి ఏ ఇంజనో చెప్పడం హాతెం పదేళ్ళ వయసులోనే నేర్చుకున్నాడు. వాళ్ళ వంశంలో కాలేజీ గడప తొక్కినవాడు అతనొక్కడే. ఆ రోజు అతిథుల ముందు అతని రోబో ప్రదర్శన సరిగ్గా జరిగితే ఉద్యోగం ఖాయమవుతుంది, అతని యంత్రం నాలుగు దేశాల హ్యాంగర్లకు వెళ్తుంది. జరగకపోతే ఒప్పందం నెలాఖరుతో సరి.

యంత్రం మరీ పెద్దదేం కాదు. తాబేలంత ఉంటుంది, ఆరు చక్రాలు, ముందు కెమెరా, కడుపు కింద చప్పుళ్ళు పసిగట్టే పళ్ళెం. విమానానికి రెక్కే ఇంధనం ట్యాంకు. లోపలంతా రేకు గోడలతో గదులుగా ఉంటుంది, గదికీ గదికీ మధ్య మనిషి పాకేంత కంత. కింద నుంచి ఎక్కడానికి రెక్క అడుగున కోలగా ఉన్న మూతలు. ఆ మూతల్లోంచి రెండు చేతులూ పైకెత్తి దూరి, లోపల పాకుతూ, పగుళ్ళు వెతికి సీలు పూయడం ఇంతకాలం మనుషుల పని. ఆ హ్యాంగరులో అది ఒకే మనిషి పని. అతని పేరు బయ్యూమీ.

బయ్యూమీకి యాభై నాలుగేళ్ళు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని, అందుకే అందరికీ ఉస్తా, అంటే మేస్త్రీ. భుజాలు పన్నెండేళ్ళ పిల్లాడివి, మీసం మాత్రం పోలీసు జమాదారుది. హాతెం యంత్రానికి పేడపురుగని పేరు పెట్టింది అతనే. ఆ పేరే అందరి నోళ్ళలోనూ పడిపోయింది.

ఆ రోజు పొద్దున పనిబల్ల మీద కాగితం పరిచి, ఉడికిన బాకలా గింజల్ని రొట్టెలో కూరుకుని తింటూ బయ్యూమీ అడిగాడు.

"ఏం బాష్‌ముహందిస్, నీ పేడపురుగు ఇవ్వాళైనా నడుస్తుందా? మళ్ళీ వెల్లకిలా పడి కాళ్ళాడిస్తుందా?"

"నాలుగో గదిలో ఆ గడ్డ ఉన్నంతకాలం కాళ్ళాడిస్తుంది, ఉస్తా. గీకుతానన్నావు. మూడు రోజులైంది."

"ఐదు నిమిషాల పని. టీ తాగి గీకేస్తాను, సరేనా? కొత్తపెళ్ళికూతురు నడిచినా కాలు జారదు."

"నిన్ను ఇంట్లో కూర్చోబెట్టే యంత్రానికి నువ్వే దారి ఊడుస్తున్నావు, బయ్యూమీ," అన్నాడు సఫ్వత్. సిలిండర్లు, గొట్టాలు, మూతలు చూసే మెకానిక్ అతను. మనిషి బీరువాలా ఉంటాడు. "నీకు బుద్ధుందా?"

"కూర్చోబెట్టనీ. ఇరవై ఆరేళ్ళుగా చేతులెత్తి దూరుతున్నాను, పోలీసులకు లొంగిపోయిన దొంగలాగా. ఇక నా పెళ్ళాం ముందు మాత్రమే ఎత్తుతాను." బయ్యూమీ మీసం తుడుచుకున్నాడు. "నాయనా హాతెం, ఉమ్రాకు వెళ్ళినప్పుడు నేనేం చేశానో తెలుసా? రెక్క మీద సీటు అడిగి మరీ కూర్చున్నాను. గాలికి విమానం ఎగిరెగిరి పడుతోంది, చుట్టూ అందరూ ఏడుస్తూ దేవుణ్ణి పిలుస్తున్నారు. నేను గుర్రుపెట్టి నిద్రపోయాను. ఎందుకంటావు? ఆ రెక్కలో సీలు పూసింది నేనే."

హాతెం నవ్వి, జేబులోంచి కాగితం తీసి, నాలుగో పని ఎదురుగా టిక్కు పెట్టేశాడు. ఉస్తా మాటంటే మాటే. పని ఇంకా కాలేదు, మాట మాత్రమే అయింది. ఆ తేడా అతనికి అప్పుడు పట్టలేదు.

"సఫ్వత్, గ్యాసు నిండడానికి ఎంతసేపు?"

"పన్నెండు నిమిషాలు. ఈలోగా లుత్ఫీ గారు ఉపన్యాసం మొదలుపెడితే, గ్యాసు లేకుండానే జనం స్పృహ తప్పుతారు."

ప్రదర్శనలో అసలు గొప్పంతా ఆ గ్యాసులోనే ఉంది. మనిషి ట్యాంకులోకి దిగాలంటే గంటల తరబడి గాలి తోలాలి. యంత్రానికి ఆ బాధ లేదు. ట్యాంకు నిండా నైట్రోజన్ నింపి, నిప్పు భయం లేకుండా చేసి, ఊపిరాడని చోట యంత్రాన్ని నడిపించి చూపించాలి. అది హాతెం ఆలోచనే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ట్యాంకులోకి మనిషి దిగితే బోర్డు మీద పేరు రాయాలి, మూత దగ్గర కాపలా మనిషి నిలబడాలి అని కంపెనీ పుస్తకంలో ఉంది. బోర్డు ఉంది గానీ దాని పెన్ను ఎప్పుడూ ఎవరి జేబులోనో ఉంటుంది. కాపలా మనిషిని ఎవరో ఒకరు పనికి లాక్కుపోతూనే ఉంటారు. అందుకని ఆ హ్యాంగరువాళ్ళు తమకంటూ ఒక గుర్తు పెట్టుకున్నారు. బూట్లతో ట్యాంకులోకి వెళ్ళకూడదు కదా, బయ్యూమీ మూత కింద జోడు విప్పి, అందులో ఒకదాన్ని బోర్లా తిప్పి పెట్టేవాడు. అక్కడ ఎవరింట్లోనూ చెప్పు బోర్లా ఉండనివ్వరు. అడుగుభాగం ఆకాశాన్ని చూస్తే దేవుడికి అపచారమని ముసలీ ముతకా, పసిపిల్లలూ అందరూ వెంటనే తిప్పేస్తారు. కాబట్టి బోర్లా ఉన్న జోడు ఎంత దూరాన్నుంచైనా కంట్లో ముల్లులా గుచ్చుకుంటుంది. అది ఆ మూత కింద ఉందంటే లోపల మనిషి ఉన్నాడన్నమాట. దాన్ని ముట్టుకోకూడదు. ఇరవై ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు.

ఈ మాట హాతెంకి ఎవరూ చెప్పలేదు. అందరికీ తెలిసిన సంగతిని ఎవరు మాత్రం ఎవరికి చెబుతారు? ఎనిమిది నెలల్లో అతను హ్యాంగరుకు దిగినప్పుడల్లా కళ్ళు తెర మీదే ఉండేవి, నేల మీద ఉండేవి కావు.

మధ్యాహ్నం నమాజు పిలుపు వినబడుతుండగా మేనేజరు లుత్ఫీ మెట్ల మీద నుంచే కేకేశాడు. "వచ్చేస్తున్నారు! అరగంట ముందే వచ్చేస్తున్నారు! హాతెం, కుర్చీలేవి?"

కుర్చీలు మోయడానికి కంటికి కనబడ్డ మొదటి మనిషిని హాతెం పిలిచాడు. మూత దగ్గర కాపలా ఉండాల్సినవాడు అతనే. అతను పరుగెత్తాడు. అతను పోయాక బయ్యూమీ ఒకసారి అటూ ఇటూ చూసి, గీకుడు చెక్క నడుముకు దోపుకుని, జోడు విప్పి, ఒకటి బోర్లా తిప్పి, చేతులెత్తి నాలుగో గదిలోకి జారిపోయాడు. ఐదు నిమిషాల పని.

హాతెం తొమ్మిదో పనికి వచ్చాడు. నేలంతా చూసుకుంటూ రెక్క కిందకు వచ్చేసరికి గోధుమరంగు బూటు ఒకటి బోర్లాపడి కనిపించింది. నిమిషంలో అతిథులు ఇక్కడ నిలబడతారు. అతనేమీ ఆలోచించలేదు. చిన్నప్పుడు వంటింట్లోంచి అమ్మ అరిచే అరుపు చేతిలో ఉంది, బుర్రలో కాదు. వంగి బూటు తిప్పాడు, జత కలిపాడు, నమాజుకు వెళ్ళినవాడెవడో తొందరలో వదిలేశాడనుకుని, హ్యాంగరు మూల చాపల దగ్గర మిగతా జోళ్ళ వరసలో, తీరుగా, చివర్న పెట్టాడు. వెనక్కొచ్చి కాగితం మీద తొమ్మిదో టిక్కు పెట్టాడు.

సఫ్వత్ గొట్టం భుజాన వేసుకుని వచ్చాడు. రెక్క కింద చూశాడు, జోడు లేదు. అయినా ఒకసారి చాపల వైపు చూశాడు. బయ్యూమీ బూట్లు వరసలో ఉన్నాయి. నమాజులో ఉన్నాడు, మంచిదే. గాలి తోలే మోటారు ఆపాడు. మొదటి గదిలో పేడపురుగును పెట్టాడు. మూతలన్నీ బిగించాడు. నాలుగోది బిగించేముందు "ఎవరైనా ఉన్నారా?" అని అలవాటుగా ఒక కేక వేశాడు. అదే క్షణంలో లుత్ఫీ మైకు గరగరమంది. బయ్యూమీ అప్పటికి గది లోపలి మూలన, గడ్డ మీద చెక్కతో గరగరా గీకుతున్నాడు.

గ్యాసు తిప్పారు.

అతిథులు పదిమంది, కుర్చీల్లో. లుత్ఫీ ఉపన్యాసం పన్నెండు నిమిషాలకు సరిగ్గా సరిపోయింది. హాతెం తెర ముందు నిలబడి అంకెలు చూస్తున్నాడు. ఆక్సిజన్ పదిహేడు. పధ్నాలుగు. పదకొండు. తెర మూల ఒక చిన్న గడి ఉంది, పళ్ళెం పట్టుకున్న చప్పుళ్ళలో పనికిరానివాటిని లెక్కపెట్టి పక్కన పడేసేది. బయట సుత్తులు, బండ్లు, జనరేటర్లు, హ్యాంగరులో ఎప్పుడూ ఉండే మోత. అది యంత్రాన్ని తికమకపెట్టకుండా హాతెమే ఆ జల్లెడ రాశాడు. గడిలో ఒకటి పడింది. తర్వాత నాలుగు. తొమ్మిది. పదిహేను. బయట ఎవరో రివెట్లు కొడుతున్నారనుకుని విసుక్కున్నాడు. ఇరవై రెండు. కాసేపు ఆగి, ఇరవై మూడు. ఆ తర్వాత అంకె కదల్లేదు. హమ్మయ్య అనుకున్నాడు.

"ఇక మొదలుపెట్టు, బాష్‌ముహందిస్," అన్నాడు లుత్ఫీ.

పేడపురుగు కదిలింది. చక్కగా నడిచింది. రెండో గదిలో ఎర్రగుడ్డ చుట్టూ తెర మీద పచ్చగీతల చట్రం పడింది. పరాయి వస్తువు, ఒకటి. అతిథులు చప్పట్లు కొట్టారు. మూడో గది దాటింది. నాలుగో గదిలో, మూడు రోజులుగా పల్టీలు కొట్టిన చోట, ఈసారి జారలేదు. గడ్డ లేదక్కడ, నున్నగా గీకేసి ఉంది. హాతెం గుండె పొంగింది. ఉస్తా మాట నిలబెట్టుకున్నాడు.

మళ్ళీ పచ్చ చట్రం పడింది. పరాయి వస్తువు, రెండు. పొడవు ఇరవై నాలుగు సెంటీమీటర్లు. మెత్తనిది. తొలగించదగినది.

చప్పట్లు ఈసారి ఇంకా గట్టిగా మోగాయి. "చూశారా! మావాళ్ళు రెండోది కూడా దాచారు, నాకు కూడా చెప్పకుండా!" అని లుత్ఫీ మైకులో నవ్వాడు. అతిథులూ నవ్వారు.

అది బూడిదరంగు మేజోడు. బొటనవేలి దగ్గర చిరుగు. చిరుగులోంచి వేలు.

హాతెం అరిచిన అరుపుకు సఫ్వత్ గ్యాసు కట్టేసి, నాలుగో మూత ఊడబెరికాడు. గాలి మోటారు పెట్టారు. చేతులు లోపలికి పోతున్నాయి, భుజాలు పోవడంలేదు. సఫ్వత్ సగం కూడా పట్టలేదు. హాతెం చొక్కా విప్పి దూరబోయి చంకల దగ్గర ఇరుక్కుపోయాడు, అతన్ని లాగడానికే రెండు నిమిషాలు పట్టింది. ఆ గదిలోంచి మనిషిని బయటకు తేగలిగినవాడు ఆ హ్యాంగరులో ఒక్కడే ఉన్నాడు. అతను లోపల పడి ఉన్నాడు.

చివరికి కొక్కెం కర్రతో కాళ్ళు మూత దాకా రాబట్టి, పందొమ్మిది నిమిషాలకు బయటకు లాగారు. చేతిలో గీకుడు చెక్క అలాగే ఉంది. దానితోనే రేకు మీద కొట్టాడు. కొన అరిగి వంకర తిరిగింది.

అతిథుల్ని వెనక గుమ్మంలోంచి పంపించారు. వెళ్తూ ఒకాయన లుత్ఫీ చెవిలో, "దురదృష్టం. కానీ యంత్రం మాత్రం కనిపెట్టింది," అన్నాడు.

విచారణ మూడు వారాలు నడిచింది. బోర్డు మీద బయ్యూమీ పేరు లేదు కాబట్టి అనుమతి లేకుండా దిగాడని రాశారు. లోపల చూడకుండా గ్యాసు తిప్పాడని సఫ్వత్ మీద కేసు పెట్టారు. "అతని జోడు నమాజు వరసలో ఉంది, నా పిల్లల మీద ఒట్టు, నా కళ్ళతో చూశాను," అని సఫ్వత్ చెప్పిన ప్రతిసారీ, ఆ రోజు నమాజులో ఉన్న తొమ్మిదిమందీ బయ్యూమీ తమతో లేడని సాక్ష్యం చెప్పారు. నమాజు చేయనివాడి జోడు నమాజు వరసలో ఎందుకుంటుంది? సఫ్వత్ అబద్ధాలకోరని తేలిపోయింది. ఆ బూట్లు మాత్రం వారం రోజులు అక్కడే ఉన్నాయి, ఎవరూ వెళ్ళి చూడలేదు. ఊడ్చేవాడు వాటి చుట్టూ ఊడ్చాడు.

బోర్లా జోడు గుర్తు సంగతి మెకానిక్కుల మాటల్లో విన్నాక, ఇరవై రెండో రోజున హాతెం లుత్ఫీ గదిలోకి వెళ్ళాడు. విచారణాధికారి కూడా అక్కడే టీ తాగుతున్నాడు. హాతెం నిలబడే చెప్పాడు, బూటు తిప్పింది తనేనని, వరసలో పెట్టింది తనేనని. చప్పుళ్ళ లెక్క ముద్రించిన కాగితం బల్ల మీద పెట్టాడు. "ఇరవై మూడు సార్లు కొట్టాడు సార్. నేను రాసిన జల్లెడ పక్కన పడేసింది. కాపలా మనిషిని కుర్చీలకు పంపిందీ నేనే."

అధికారి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "బూటు బోర్లా ఉంటే లోపల మనిషి ఉన్నాడని ఏ నిబంధనలో ఉంది?"

"నిబంధనలో లేదండి. అందరికీ తెలుసు."

"ఆ రోజు నీకు తెలుసా?"

"తెలియదు."

"మరి అందరికీ తెలుసంటావేం?" అని అధికారి నవ్వాడు, దురుసుగా కాదు, పిల్లాడికి లెక్క తప్పిందని చెప్పే మాస్టారులా. "బూటు సరిగ్గా పెట్టడం నేరం కాదు, బాబూ. మా ఆవిడ రోజూ చేస్తుంది. ఇది సాక్ష్యం కాదు, నీ మనసు బాధ. ఇంటికెళ్ళి రెండు రోజులు పడుకో."

లుత్ఫీ మాత్రం చప్పుళ్ళ కాగితాన్ని వదల్లేదు. తిప్పి తిప్పి చూశాడు. "ఈ తట్టుడును యంత్రం ఇకముందు గుర్తుపట్టగలదా?"

"గుర్తుపట్టగలదు సార్. వారం పని."

"అయితే మొదలుపెట్టు."

ఆ సాయంత్రం హాతెం మతరియ్యాలో సఫ్వత్ ఇంటి సందు చివరి టీ దుకాణానికి వెళ్ళాడు. సఫ్వత్ బెయిలు మీద ఉన్నాడు. గడ్డం పెరిగింది, బీరువా తలుపులు ఊడినట్టు మనిషి వదులైపోయాడు. హాతెం చెప్పినదంతా హుక్కా గొట్టం పక్కన పెట్టి విన్నాడు. కొడతాడనుకున్నాడు హాతెం. కొట్టలేదు. కాలి చెప్పు విప్పి, బల్లల మధ్య దారిలో, అడుగు పైకి వచ్చేలా బోర్లించాడు.

"ముట్టుకోకు. ఊరికే కూర్చో."

ఇద్దరూ కూర్చున్నారు. హాతెం కళ్ళు దాని మీదే ఉన్నాయి. చెయ్యి రెండుసార్లు దానంతట అదే లేచింది, రెండుసార్లూ వెనక్కి లాక్కున్నాడు. పక్క బల్ల మీద గవ్వలాట ఆడుతున్న ముసలాయన ఆట ఆపి చూశాడు. సర్వరు చేతుల నిండా గ్లాసులతో వస్తూ, నడక ఆపకుండానే, కాలి వేళ్ళతో చెప్పును తిప్పేసి వెళ్ళిపోయాడు. ఏం చేశాడో వాడికే తెలియదు.

"చూశావా?" అన్నాడు సఫ్వత్. "నిమిషం పట్టలేదు. ఇరవై ఏళ్ళు మా ప్రాణాలు దీని మీద పెట్టుకున్నాం." నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. "ఇప్పుడెందుకొచ్చావు, బాష్‌ముహందిస్? క్షమించమంటావా?"

"నిజం చెబుదామని, సఫ్వత్ అన్నా."

"చెప్పావు. దీంతో నేనేం చేసుకోను? జడ్జి ముందు ఈ సర్వరు కాలిని సాక్షిగా పెట్టనా? మూడు వారాలు నేను చూసింది నిజమా కాదా అని నాలో నేనే చస్తున్నాను. నిజమేనని ఇప్పుడు తెలిసింది. ఇక నిజం చెప్పి కూడా జైలుకు పోవాలి. అనుమానంతో పోవడమే తేలిక." చెప్పు తొడుక్కుని లేచాడు. "నువ్వు మంచివాడివి. నా ఎదుటికి మళ్ళీ రాకు."

సఫ్వత్‌కి రెండేళ్ళు పడింది. లైసెన్సు రద్దయింది. మంచి ప్రవర్తన ఉన్నా మూడు నెలలే తగ్గించారు.

హాతెం పని వారంలో కాదు, పది రోజుల్లో అయింది. యంత్రానికి మనిషి తట్టుడును గుర్తుపట్టడం నేర్పాలంటే నమూనా కావాలి. అతను స్వయంగా రెక్క మీద కొట్టి చూశాడు, కూలివాళ్ళ చేత కొట్టించాడు. ఏదీ కుదరలేదు. సుఖంగా ఊపిరి పీల్చేవాడు కొట్టే తీరు వేరు. చివరికి ఉన్న ఒకే ఒక్క అసలు నమూనా వాడాడు. మొదట గట్టిగా, వరసగా. తర్వాత ఎడం ఎడంగా. ఇరవై రెండు, ఒక విరామం, ఇరవై మూడు. యంత్రం ఒక్కసారి కూడా తప్పులేకుండా గుర్తుపట్టింది. కంపెనీ రంగుల కాగితం మీద "ట్యాంకులో మనిషి ఉంటే కనిపెడుతుంది" అని అచ్చువేయించి, నాలుగు దేశాలకు ముప్పై ఒక్క యంత్రాలు పంపింది. హాతెం ఉద్యోగం ఖాయమైంది. తండ్రి ఆ ఉత్తర్వును ఇస్త్రీపెట్టెతో సాపు చేసి గోడకు తగిలించాడు.

ఇవాళ ఆ యంత్రాలు ఎక్కడ ఉన్నా, ట్యాంకులోకి దిగేముందు తమ చెవి పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి ఆ ఇరవై మూడు దెబ్బలూ లోలోపల ఒకసారి వినిపించుకుంటాయి. పదిహేడు సెకన్లు పడుతుంది. పక్కన నిలబడ్డ మెకానిక్ టీ తాగుతూ పచ్చదీపం కోసం చూస్తుంటాడు. ఆ చప్పుడు పేరు యంత్రంలో "నమూనా ఒకటి". ఎవరిదని ఎవరూ అడగలేదు. విచారణ నివేదికలో కూడా "ఒక కార్మికుడు" అనే ఉంది.

అతని పేరు బయ్యూమీ. మీరెప్పుడైనా విమానంలో రెక్క మీద సీటులో కూర్చుని కాస్త నిశ్చింతగా కునుకు తీయబోతే, ఆ ముందు ఒక్కసారి అతన్ని తలుచుకోండి.